ఉమ్మడి లైను

"పోయింది! మళ్ళీ పోయింది!"

క్లైవ్ హాడ్రిక్ కేక గోడ దాటి వచ్చేసరికి నెరిడా గొర్రెల నట్టల మందు డబ్బాలు అరలో సర్దుతోంది. చేతిలో ఉన్నదాన్ని నేలమీదే వదిలేసి వెనక వసారాలోకి పరిగెత్తింది.

అడిలైడ్‌కి దూరంగా, గొర్రెలు మేపే పల్లెల మధ్య ఉన్న యారంబా ఊరి బజారులో ఆ మూడు కొట్లదీ ఒకే కప్పు. మధ్యలో మందులూ కంచె సామానూ అమ్మే నెరిడా కొట్టు. ఎడమ పక్క రైతుల గొర్రెలు అమ్మిపెట్టే క్లైవ్ ఆఫీసు. కుడి పక్క డెస్పీనా కేఫ్. మూడింటికీ వెనక వసారా ఒకటే, ఆ వసారా గోడ అర మీద మోడెమ్ కూడా ఒకటే. దాన్నుంచి మూడు కొట్లలోని మూడు పాత కంప్యూటర్లకీ కేబుళ్ళు పోతాయి. మధ్యలో ఒక ఇనప పెట్టె, దానికో తిప్పుడు మీట. మీట ఎటు తిప్పితే లైను వాళ్ళది. పెట్టె కింద మూడు మేకులు. లైను వాడుకునే వాళ్ళు గొర్రె చెవికి వేసే పసుపు బిళ్ళ ఒకటి తమ మేకుకి తగిలించాలి. బిళ్ళ ఉన్నంతసేపూ మిగతా ఇద్దరూ మీట ముట్టుకోకూడదు, ఫోనెత్తకూడదు. ఇదీ వాళ్ళ కట్టుబాటు.

బిళ్ళ క్లైవ్ మేకుకే ఉంది. మీట అతని వైపే ఉంది. మోడెమ్ మీద వెలగాల్సిన ఎర్రదీపం మాత్రం ఆరిపోయింది.

ఆఫీసులో క్లైవ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని తెర ముందు కూచున్నాడు. వెనక డగ్ ట్రెలోర్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మంగళవారం, గురువారం కంప్యూటర్ సంత. గొర్రెల వయసూ బరువూ ఉన్ని పొడుగూ తెర మీదకెక్కుతాయి, ఎక్కడెక్కడి కొనుగోలుదార్లో ఫోను లైన్ల మీద వేలం పాట పాడతారు. ఇవాళ పాటలో ఉన్నవి డగ్ పొట్టేళ్ళు. కొన్నవాళ్ళ లారీ కోసం అవి వెనక దొడ్డిలోనే నిలబడి ఉన్నాయి.

"ఏమైంది?" అంది నెరిడా.

"ఏమవుతుంది? ఇద్దరు పోటీ పడుతున్నారు. మనం చెప్పిన ధరకి కాస్త కిందుగా వచ్చి ఆగారు. ఓ మెట్టు దించుదామా అని డగ్‌ని అడిగాను. దించెయ్ అన్నాడు. కంప్యూటర్ మీట మీద వేలు పెట్టాను, లైను చచ్చింది! మళ్ళీ కలిసేసరికి పాట ముగిసింది. అమ్ముడుపోలేదు అని రాసి పెట్టుంది."

డగ్ గొంతు పెంచే మనిషి కాదు. "ఇంటికి తోలుకుపోతే మేపడానికి గడ్డిపరక లేదు నెరిడా. చెరువు అడుగు ఎండి పెచ్చులు లేచింది. దార్లో కొన్ని పడిపోతాయి, దొడ్లో కొన్ని."

"గురువారం మళ్ళీ పాటకి పెడదాం" అన్నాడు క్లైవ్.

"అప్పుడూ ఇట్లాగే తెగితే?"

"తెగదు. తెగకుండా చూసే పని నెరిడాది. లైను ఆమె పేరు మీద ఉంది." క్లైవ్ కుర్చీ ఇటు తిప్పాడు. "కేఫ్ వంటింట్లో పాత రిసీవర్ ఒకటి ఇంకా గోడకి వేలాడుతూనే ఉందిగా? ఎవరో దాన్ని ఎత్తుతున్నారు. ఎవరో ఏంటిలే, ఆవిడే."

"డెస్పీనా అట్లాంటి..." అని డగ్ సణిగాడు.

"ఆవిడే బాబూ! చెవిటి కూతురితో కబుర్లు. సంత ఎప్పుడవుతుందా, లైను ఎప్పుడొస్తుందా అని తొందర. ఎత్తి చూస్తుంది. ఎత్తితే మనది తెగుతుంది."

"రిసీవర్ పీకేస్తాను, సరా?" అంది నెరిడా.

"రిసీవర్ పీకితే మీట తిప్పుతుంది. ఆమెని లైన్లోంచే తీసెయ్. గురువారం లోపల."

డగ్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. గొర్రెలకి నీళ్ళు పెట్టాలి.

నెరిడా మళ్ళీ వసారాలోకొచ్చింది. ఆమెకి ఏ సంగతైనా ముందు తూకంలోకి ఎక్కాలి, తర్వాతే మనసులోకి. ఒక తట్టలో క్లైవ్. అతని రైతులే ఆమె ఖాతాదార్లు. నట్టల మందు, కంచె తీగ, ఉప్పు దిమ్మలు, అన్నీ వాళ్ళే కొంటారు. సంత ఇక్కడ నడవకపోతే గొర్రెలు పెద్దూరికి తోలతారు, గొర్రెల వెనకే మందూ తీగా కూడా అక్కడే కొంటారు. రెండో తట్టలో డెస్పీనా. ఆమె కొనేది చీమల మందు, అదీ ఎండాకాలంలో. ముల్లు ఎటు మొగ్గుతుందో చూడడానికి కళ్ళద్దాలు అక్కర్లేదు.

అయినా వెతక్కుండా తీర్పు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. కొనే ముందు గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసే మనిషి.

ముందు కేబుళ్ళు చూసింది. ఫోను తీగ వెనక గోడ వెంబడి పోతుంది. దాని పక్కనే దొడ్డి కంచెకి కరెంటు తీసుకుపోయే తీగ. చెయ్యి పెడితే లాగి కొడుతుంది కాబట్టి, కంచెకి కరెంటు పంపే పెట్టెని ఆపేసి పని మొదలుపెట్టింది. ఫోను తీగ చివర్లు గీకి మళ్ళీ బిగించింది. మోడెమ్ వెనక మరలు విప్పి బిగించింది. మీట అటూ ఇటూ తిప్పి చూసింది. క్లైవ్ కేబుల్ తీసి తన కంప్యూటర్‌కి తగిలించి సంత నంబరు కలిపింది. కలిసింది. నల్లని తెర మీద ఆకుపచ్చ అక్షరాలు కడిగిన పళ్ళాల్లా వరసగా వచ్చి నిలిచాయి. కదల్లేదు, తెగలేదు. చాలాసేపు అట్లాగే ఉంచింది. నిక్షేపంగా ఉంది.

కంచె పెట్టె మళ్ళీ వేసి, చేతులు తుడుచుకుంది. గతవారం ఇట్లాగే వెతికింది. అంతకు ముందూ వెతికింది. తను వెతికిన ప్రతిసారీ లోపం మాయం. ఫోను శాఖ మనిషి వచ్చే నెలకి గానీ ఇటు రాడు. వస్తువులో లేని లోపం మనిషిలో ఉన్నట్టే కదా అనుకుంది.

కేఫ్‌లో మధ్యాహ్నం గిరాకీ సద్దుమణిగింది. డెస్పీనా బీట్‌రూట్ ముక్కలు కోస్తోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"రా అమ్మాయ్! మొహం ఏంటి అట్లా వేలాడేశావు? నీ మొహం చూస్తే పాలు విరిగిపోతాయి."

"డెస్పీనా, ఇవాళ సంతలో లైను తెగింది."

"తెలుసు. క్లైవ్ అరుపుకి నా నూనె మూకుడు కదిలింది."

"నువ్వు ఈ రిసీవర్ ఎత్తావా?"

కత్తి ఆగింది. డెస్పీనా వెనక్కి తిరిగి గోడకున్న రిసీవర్ని చూసింది. దాని మీద పిండి మెత్తగా పేరుకుని ఉంది, ఎవరి వేలి ముద్రా లేదు. చూపించాలనుకుని కూడా చూపించలేదామె. సాక్ష్యం చూపించుకోవలసిన స్థితికి రావడమే అవమానమన్నట్టు మళ్ళీ కత్తి అందుకుంది.

"బిళ్ళ ఇంకొకరి మేకుకి ఉంటే ఎత్తను."

"పొరపాటున..."

"పొరపాటున చెయ్యి కోసుకుంటాను. పొరపాటున ఉప్పు ఎక్కువేస్తాను. పొరపాటున ఫోనెత్తి కూతురి గొంతు కోసం చూడను. దానికి గొంతు లేదు. ఫోనులో దాని మాట వినపడదు. నాకు రిసీవర్‌తో పనేంటి?"

నెరిడాకి ఆ ముక్క ఇంతవరకూ తోచలేదు. తోచనందుకు చిరాకు వేసింది. ఆ చిరాకులోనే అనేసింది: "చూడు, గురువారం నుంచి కొన్నాళ్ళు నీ వైపు లైను ఆపుదాం. డగ్ గొర్రెలు ఈసారి కూడా మిగిలిపోతే చచ్చిపోతాయి."

డెస్పీనా గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఎరుపు పోలేదు.

"రేపు నాలుగింటికి అరెటీ పని నుంచి ఇంటికొస్తుంది. ఇట్లా అని దానికి చెప్పుకుంటాను. చెప్పుకున్నాక మీరు వచ్చి మీ తీగ మీరు తీసుకెళ్ళండి."

ఇన్నేళ్ళలో డెస్పీనా నోట ఆమెకి 'మీరు' అన్నమాట వినపడటం అదే మొదలు.

బుధవారం నాలుగింటికి నెరిడా స్క్రూడ్రైవర్ పట్టుకుని కేఫ్ వెనక గదిలోకి వెళ్ళింది. ఉల్లిపాయల బస్తా, నూనె డబ్బాలు, వాటి మధ్య ఒక బల్ల. బల్ల మీద బడిపిల్లలు వాడి వదిలేసిన గోధుమరంగు కంప్యూటర్, దాని పైన చిన్న టీవీ. అరెటీ అడిలైడ్‌లో ఉత్తరాలు వేరుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. అరెటీ ఇంట్లోనూ ఇట్లాంటిదే ఒకటుంది. ఒకరు ఇక్కడ అక్షరం కొడితే అక్కడ పడుతుంది, వాళ్ళు అక్కడ కొడితే ఇక్కడ పడుతుంది. తల్లీ కూతుళ్ళ మాటలు అంతే.

డెస్పీనా బయటికెళ్ళి పసుపు బిళ్ళ తన మేకుకి తగిలించి మీట తిప్పి వచ్చింది. నెరిడాని కూచోమనలేదు. మోడెమ్ కీచుమంది, లైను కలిసింది. సంతకి వాడే వేగం కాదిది, బాగా నెమ్మది. అక్షరం వెనక అక్షరం ముసలివాళ్ళు మెట్లెక్కినట్టు వస్తాయి.

డెస్పీనా రెండు చూపుడు వేళ్ళతో కొట్టింది. తనకొచ్చిన ఇంగ్లీషులో. తెర మీద పడింది.

అరెటీ తిన్నావా

కింద జవాబు మొదలైంది.

తిన్నాను అ~మ్మా నువ్వు{ ఎట్లా ఉన్నా~వు ఇవాళ ఎం{డ

"ఈ గుర్తులేంటి?" అంది నెరిడా.

"ఏమో. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ ఇట్లాగే. శని ఆదివారాలు ఉండవు. పిల్ల అలిసిపోయి వస్తుంది, ఏ వేలు ఎక్కడ పడుతోందో చూసుకోదు అనుకుంటాను." డెస్పీనా తల తిప్పలేదు. "మీకెందుకు ఇవన్నీ? కాసేపాగండి."

డెస్పీనా రాసింది. రేపటి నుంచి ఈ యంత్రం పనిచేయదు. కొన్నాళ్ళు. భయపడకు. జవాబు రాలేదు. ఖాళీ తెర మీద ఎవరూ ఏమీ కొట్టకుండానే ఒక వంకర గుర్తు వచ్చి పడింది. కాస్త ఆగి ఇంకొకటి. కాస్త ఆగి ఇంకొకటి.

నెరిడా ఆ గుర్తుల్నే చూస్తోంది. వెనక కిటికీ తెరిచి ఉంది. కిటికీ అవతల గుంజకి కొట్టిన కంచె పెట్టె టక్... టక్... మంటోంది. రోజూ వినే చప్పుడు, వినడం మానేసిన చప్పుడు. ఇప్పుడు విన్నది. టక్ అన్న ప్రతిసారీ తెర మీద గుర్తు పడటం లేదు. కానీ గుర్తు పడ్డప్పుడల్లా టక్ అంటోంది.

ఈ నెమ్మది లైన్లో ఒక గుర్తు పడేసే టక్, సంత వేగంలో లైన్నే తెంపేస్తుంది.

ఈ కరువులో నేల ఎండి రాయైంది. నేల ఎండితే కంచె కొట్టదు, ఎర్తు అందదు కాబట్టి. అందుకని ఎండలు మొదలయ్యాక తనే కంచె పెట్టె ఎర్తు తీగని మార్చింది. కూలర్ నుంచి నీళ్ళు కారి ఎప్పుడూ తడిగా ఉండే జాగా ఒకటుంది గోడ పక్కన. అక్కడ అప్పటికే భూమిలో దిగ్గొట్టిన ఇనప రాడ్డు ఒకటుంది. తీగ దానికే క్లిప్పు పెట్టింది. కంచె భేషుగ్గా కొట్టింది. అంత బాగా కొట్టిందని కొనడానికొచ్చిన ప్రతి రైతునీ వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. మీ ఇంట్లోనూ కూలర్ కింద తడి ఉంటుందిగా, అక్కడ పెట్టుకోండి అని సలహా కూడా ఇచ్చింది. ఆ రాడ్డు దేనిదో ఆమె ఆలోచించలేదు. అది ఫోను తీగకి ఎర్తు.

దొడ్డిలో గొర్రెలుంటే కంచె నడుస్తుంది. సోమవారం తోలతారు, శుక్రవారానికి ఖాళీ. తను తీగలు వెతికేటప్పుడు మాత్రం ముందు ఆ పెట్టె ఆపేసి మరీ వెతికింది.

తెర మీద చివరికి జవాబు వచ్చింది.

ఎన్ని~ రోజులమ్మా

డెస్పీనా వేళ్ళు మీటల పైన ఆగిపోయాయి. నెరిడా వైపు చూసింది. ఎన్ని రోజులో చెప్పాల్సింది నెరిడాయే.

చెప్పాల్సిన మాట ఆమె నాలుక చివర ఉంది. అదే నాలుక లెక్క వేసింది. ఈ మాట బయటపడితే క్లైవ్ మొదట నష్టం నా నెత్తిన రుద్దుతాడు. డగ్ గొర్రెలు మిగిలింది నా వల్ల. జిల్లాలో నేను అమ్మిన ప్రతి కంచె పెట్టెనీ ఇకమీదట అనుమానంగా చూస్తారు. చెప్పకపోతే? ఇప్పుడే వెళ్ళి క్లిప్పు మారుస్తాను. రేపు సంత సాఫీగా నడుస్తుంది. ఎవరికీ ఏమీ పోదు. ఈవిడకి తప్ప.

"తెలీదు" అంది నెరిడా.

డెస్పీనా ఆ ముక్కే కొట్టింది. తెలీదు. కూతురు ఏదో రాసింది, తల్లి ఏదో రాసింది, నెరిడా చదవలేదు. తర్వాత డెస్పీనా లేచి పక్కకి జరిగింది. నెరిడా వంగి కేబుల్ మరలు విప్పింది, వంటింట్లో రిసీవర్ ఊడదీసింది. చేతులు పనిలో తడబడలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం.

వెనకాలకెళ్ళి కూలర్ కింద తడిలో మోకాళ్ళ మీద కూచుని క్లిప్పు తీసింది. గొర్రెల తొట్టి దగ్గర ఎప్పుడూ నీళ్ళు చిందుతుంటాయి. అక్కడ వేరే రాడ్డు సుత్తితో దిగ్గొట్టి తీగ దానికి చేర్చింది. వసారాలోకొచ్చి ఊడదీసిన రిసీవర్ని లైనుకి తగిలించి చెవి దగ్గర పెట్టుకుంది. బయట పెట్టె టక్ టక్ మంటూనే ఉంది. లైను మాత్రం బావి లోపలిలా నిశ్శబ్దంగా ఉంది.

గురువారం పాట మొదలైనప్పటి నుంచీ చివరిదాకా ఎర్రదీపం రెప్ప వేయలేదు. డగ్ పొట్టేళ్ళు చెప్పిన ధరకి పైనే పోయాయి. క్లైవ్ బల్ల మీద చరిచాడు.

"చూశావా? చెప్పానా లేదా? ఆవిడని తీసెయ్యగానే!"

డగ్ మొహంలో వారాల తరబడి బిగిసిన నరం సడలింది. నెరిడా భుజం తట్టి, "మంచి పని చేశావమ్మా" అన్నాడు. మధ్యాహ్నం అతను కేఫ్‌కి వెళ్ళలేదు. సంత రోజు చేపా చిప్సూ తినకుండా ఇంటికెళ్ళని మనిషి, బేకరీ నుంచి మాంసం కూరిన రొట్టె కొనుక్కుని తన బండిలో కూచుని తిన్నాడు. బండి కేఫ్ అద్దాలకి ఎదురుగానే ఆగి ఉంది. లోపల డెస్పీనా ఖాళీ బల్లలు తుడుస్తోంది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

నెరిడా ఆ తుడవడం తన కొట్టు గుమ్మంలోంచి చూసింది. తర్వాత క్లైవ్ ఆఫీసులోకెళ్ళి తలుపు వేసి సంగతంతా చెప్పింది. క్లిప్పు, రాడ్డు, కూలర్ నీళ్ళు.

క్లైవ్ నోరు తెరిచి వింటూ మెల్లగా నవ్వాడు. "నీ కంచే? ఓరి దేవుడా! సరే, బాగైందిగా. ఇంక ఆ మాట ఎత్తకు."

"ఆవిడ ఎత్తలేదు క్లైవ్. ఒక్కసారి కూడా."

"ఎత్తలేదు, సరే. నేను డగ్‌కి చెప్పేశాను, ఇంకో పదిమందికి చెప్పాను. ఇప్పుడు పోయి కాదు కాదు, మా నెరిడా ఎర్తు తప్పు పెట్టింది అనాలా? నీ పెట్టెలు ఎవడు కొంటాడు? నీ మంచికే చెబుతున్నా." అతను గొంతు తగ్గించాడు. "ఓ నెల పోనియ్. అందరూ మర్చిపోతారు. అప్పుడు ఆవిడకి లైను తిరిగిద్దాం. పాపం, కూతురుంది కదా అని, మనమే దయతలచి ఇచ్చినట్టుంటుంది. ఆవిడ కూడా సంతోషిస్తుంది."

నిన్న కూలర్ కింద బురదలో కూచుని నెరిడా వేసుకున్న లెక్క సరిగ్గా ఇదే. నెల అన్న మాటతో సహా. తన నోట్లో ఉన్నంతసేపూ అది తెలివిగా కనపడింది. ఎదుటివాడి నోటి నుంచి వచ్చేసరికి అందులో ఏం సరుకుందో కనపడింది. ఆవిడ దగ్గర లాక్కున్న వస్తువుని ఆవిడకే దానం చెయ్యడం, పైగా దండం పెట్టించుకోవడం. ఎంత నాసిరకం సరుకు అమ్మినా, ఇట్లాంటిది మాత్రం ఆమె కొట్లో ఎప్పుడూ లేదు.

"ఆలోచిస్తాను" అని బయటికొచ్చింది.

శుక్రవారం లారీ వచ్చి గొర్రెల్ని ఎత్తుకుపోయింది. దొడ్డి ఖాళీ అయింది. నెరిడా కేఫ్‌కి వెళ్ళి టీ అడిగింది. డెస్పీనా టీ పోసి ముందు పెట్టింది. చక్కెర పెట్టలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పేస్తే సగం భారం దిగుతుందనుకుని, నెరిడా రెండు ముక్కల్లో చెప్పింది.

డెస్పీనా విన్నది. అరవలేదు.

"నన్ను ఎక్కడ అన్నారు?"

"క్లైవ్ ఆఫీసులో. డగ్ ముందు."

"ఆ తర్వాత?"

"ఊళ్ళో."

"మరి మీరు నాకు ఉల్లిపాయల గదిలో చెబుతున్నారు" అంది డెస్పీనా. నిజానికి వాళ్ళు ఉల్లిపాయల గదిలో లేరు, ముందు హాల్లోనే ఉన్నారు. కానీ హాలు ఖాళీ. "ఈ మాట నాకెందుకు? ఎత్తలేదని నాకు తెలుసు కదా."

శనివారం మధ్యాహ్నం ఊరికి సామాన్లకొచ్చిన రైతులంతా కేఫ్‌లో చేరతారు. ఆ వేళ బల్లలు సగం నిండాయి. అంత మాత్రం నిండటానికి కారణం బేకరీ మూసి ఉండటం. డగ్ కూడా తప్పక వచ్చి మూల బల్ల దగ్గర, తల ఎత్తకుండా కూచున్నాడు. క్లైవ్ కాఫీ తాగుతున్నాడు.

నెరిడా చేతిలో కేబుల్ చుట్ట, రిసీవర్ పట్టుకుని లోపలికొచ్చింది. బల్లల దగ్గర తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె ఎవరి వైపూ చూడకుండా వంటింట్లోకెళ్ళి రిసీవర్ గోడకి తగిలించింది. తీగ పొడుగ్గా ఉంటుంది కాబట్టి కౌంటర్ మీదకి లాక్కొచ్చింది. వెనక గదిలో కేబుల్ మరలు బిగించింది. తర్వాత బయటికెళ్ళింది. అంతకు ముందే ఎర్తు తీగని పాత జాగాకి, కూలర్ కింద రాడ్డుకి, మార్చి ఉంచింది. ఖాళీ దొడ్డి కంచె పెట్టె వేసి వచ్చింది.

"డగ్, ఇలా రా."

"నేనా?"

"నువ్వే. ఇది చెవి దగ్గర పెట్టుకో."

డగ్ మూతి తుడుచుకుని లేచాడు. రిసీవర్ చెవికి ఆనించాడు. కనుబొమలు ముడిపడ్డాయి. రెండో క్షణానికి విడిపోయాయి.

"ఇది కంచె."

"ఏ కంచె?" అన్నారు పక్క బల్ల వాళ్ళు.

"కరెంటు కంచె రా! టక్ టక్ మంటోంది. ఇదిగో, నువ్వు విను."

రిసీవర్ చేతులు మారింది. విన్న ప్రతివాడి మొహమూ ఒకేలా మారింది. వాళ్ళు ఆ చప్పుడు ఇళ్ళ దగ్గర నిద్రలో కూడా వింటారు. ఎవరూ వాళ్ళకి వివరించక్కర్లేదు. క్లైవ్ తన వంతు వచ్చినప్పుడు రిసీవర్ని అందుకోకుండా కప్పులోకి చూస్తూ కూచున్నాడు.

"ఎవడి కంచె ఇది?" అని ఎవరో నవ్వారు.

"నాది" అంది నెరిడా. "నా ఎర్తు ఫోను రాడ్డుకి పెట్టాను. మంగళవారం సంత తెంపింది అదే. అంతకు ముందు తెంపిందీ అదే. డెస్పీనా ఫోనెత్తలేదు. ఎత్తిందని నేను నమ్మాను. బుధవారం నాకు తెలిసింది. తెలిసి కూడా ఆవిడ లైను ఊడదీశాను."

నవ్వు ఆగిపోయింది. ఆఖరి వాక్యం ఆమె చెప్పాలనుకున్నది కాదు, దానంతట అదే వచ్చింది.

"ఆగు" అన్నాడు ఇంకో రైతు. "నాకూ కూలర్ కిందే పెట్టమన్నావుగా?"

"అన్నాను. సోమవారం నుంచి ఇంటింటికీ వచ్చి మారుస్తాను."

"మా ఆవిడ ఫోనులో నేను పళ్ళు కొరుకుతున్నానని తిడుతోంది ఇన్నాళ్ళూ!"

మళ్ళీ నవ్వులు. డగ్ నవ్వలేదు. టోపీ తీసి కౌంటర్ ముందుకొచ్చాడు. కాసేపు మెడ గోక్కున్నాడు.

"డెస్పీనా. ఓ చేప. చిప్సూ."

"చిప్స్ అయిపోయాయి" అంది డెస్పీనా. ఆమె వెనక జాలీ గంప నిండా చిప్స్ పొగలు కక్కుతున్నాయి.

డగ్ ఆ గంప చూశాడు, ఆమెని చూశాడు. "కాసేపు ఆగుతాను" అన్నాడు.

"ఆగు. బల్ల దగ్గర కాదు. అక్కడే నిలబడు."

అతను అక్కడే నిలబడ్డాడు.

నెరిడా వెనకాలకెళ్ళి కంచె పెట్టె ఆపి, క్లిప్పు తొట్టి దగ్గరి రాడ్డుకి మార్చి, పెట్టె మళ్ళీ వేసింది. తిరిగొచ్చేసరికి డెస్పీనా వెనక గదిలో యంత్రం ముందు కూచుని ఉంది. లైను కలిసింది. శనివారం అరెటీకి సెలవు. తల్లి రాయడం మొదలుపెట్టింది. రెండు వేళ్ళతో, తప్పులతో, ఆగి ఆగి. కంచె సంగతి, గుర్తుల సంగతి. ఆ గుర్తులు మన మాట కాదు, నీ వేళ్ళ తప్పూ కాదు, పక్క కొట్టు కంచె అని.

అటు నుంచి ఏమీ రాలేదు. కిటికీ బయట టక్ టక్ వినపడుతూనే ఉంది. తెర మీద ఒక్క గుర్తు కూడా లేదు. తర్వాత వచ్చింది, శుభ్రంగా, ఒక్కో అక్షరం.

అయితే నీ చేతులు బాగానే ఉన్నాయా

డెస్పీనా అర్థం కానట్టు చూసింది. అక్షరాలు వస్తూనే ఉన్నాయి.

నాన్న చేతులు వణికినట్టు నీవీ వణుకుతున్నాయనుకున్నాను. నీ రాతలో కూడా ఆ గుర్తులే పడేవి. అడిగితే బాగానే ఉన్నాను అంటావని అడగలేదు. బుధవారం యంత్రం ఆపేస్తున్నానన్నావు. ఇంక కొట్టలేకపోతున్నావేమో అనుకున్నాను. పనిలో సెలవు అడిగాను.

డెస్పీనా రెండు చేతులూ తెర వెలుగులో ఎత్తి చూసుకుంది. బీట్‌రూట్ ఎరుపు గోళ్ళ పక్కన ఇంకా ఉంది. నూనె కాలిన మచ్చలున్నాయి. వణుకు లేదు. ముందు హాల్లోంచి డగ్ "ఇంకా నిలబడాలా?" అని అడగడం వినపడింది. ఆమె పట్టించుకోలేదు.

మీటల మీద వేళ్ళు పెట్టింది.

చేతులు బాగానే ఉన్నాయి. సెలవు ఎలాగూ అడిగావు కదా, రా. నమ్మకం లేకపోతే పక్కన నెరిడా నిలబడి ఉంది, దాని చెంప మీద పరీక్షించి చెప్తాను.

రాసి, వెనక్కి తిరిగి నెరిడాని చూసింది. ఆ మొహంలో నవ్వుందో లేదో పోల్చుకోవడం కష్టం. నెరిడా తెర మీది మాటలు చదివింది. పక్కకి జరగలేదు.